నూతి దగ్గర "ఏమిటండీ"

నా చిన్నప్పుడు, అరవైల చివరి రోజుల్లో, మా చిన్నాన్న పెరట్లో నూతి దగ్గరకి వెళ్ళిన ప్రతిసారీ మా నానమ్మ నన్ను వెనకే తరిమేది. "ఎల్లవే, సిన్నాన్నకి తోడుండు" అనేది. పాతికేళ్ళ మనిషికి నూతి దగ్గర తోడెందుకో పదేళ్ళదాన్ని, నాకేం తెలుసు? ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

మాది పొందూరు. నాన్న పోయాక ఇంట్లో మిగిలిన మగదిక్కు చిన్నాన్నే. అమ్మా, నానమ్మా దువ్వెనలాంటి చేప దవడతో పత్తి ఏకి, పొద్దస్తమానం రాట్నం తిప్పి ఆయన్ని ఓవర్సీరు చదువు చదివించారు. చదువు ముగిసి రెండేళ్ళయినా ఉద్యోగం రాలేదు. వచ్చే ఏడు నన్ను బడి మాన్పించి రాట్నం ముందు కూర్చోబెడదామని అమ్మ ఒకరోజు అంది. గోడవతల ఉన్న చిన్నాన్న ఆ మాట విన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సయించలేదు.

అలాంటి సమయంలో ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి, ఒకటి కలకత్తా నుంచి, ఇంకొకటి బెజవాడ నుంచి. రెండూ నక్షలు గీసే ఉద్యోగాలే. ఎక్కడైనా సోమవారానికల్లా చేరాలి. మేం పండగ చేసుకోవాల్సింది పోయి ఇల్లంతా బెంగ పట్టుకుంది. పొద్దున్న కలకత్తా అన్న చిన్నాన్న సాయంత్రానికి అక్కడ గది దొరకదనేవాడు. పోనీ బెజవాడ వెళ్ళరా అంటే ఆ ఎండలకి మనిషి బతకడనేవాడు. మా ఊరి స్టేషన్లో అవే పట్టాల మీద అటు వెళ్తే కలకత్తా, ఇటు వెళ్తే బెజవాడ. చిన్నాన్న మాత్రం ఎటూ కదల్లేదు. చూస్తూండగానే శుక్రవారం వచ్చేసింది. మర్నాడు బండెక్కకపోతే రెండూ పోయినట్టే.

ఆ శుక్రవారం పొద్దున్నే నూతి గట్టు మీద వంగి, నీళ్ళలోకి చూస్తూ చిన్నాన్న ఏదో గొణుక్కుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి విన్నాను. "ఏమిటండీ... చెప్పండి... చూడండి... ఏమిటండీ..." మధ్యలో ఒకసారి ఏటండీ అని నోరు జారి తన నోటి మీద తనే చెళ్ళున కొట్టుకున్నాడు. నేను హడలిపోయి ఇంట్లోకి పరిగెత్తాను.

"నానమ్మా, సిన్నాన్న నూతికాడ ఏమిటండీ, ఏమిటండీ అని సదువుకుంటన్నాడే!"

రాట్నం ఆగిపోయింది.

మధ్యాహ్నం చిన్నాన్న కంచం ముందు కూర్చోగానే మా నానమ్మ గరిటె పట్టుకుని, నాటకంలో మంత్రిలా నిలబడి, "దేవరవారికి సోడంబలి సమర్పించమందురా? ఉల్లిపాయ కూడా సిత్తగించెదరా?" అంది. నాకు నవ్వాగలేదు. చిన్నాన్న కంచం తోసేశాడు.

"ఏటమ్మా ఈ ఏసాలు?"

"మరి నీకు మన మాట పనికిరాదు కదరా. నేనూ మారతన్నాను."

అంతే, చిన్నాన్న చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "నవ్వారమ్మా. బెజవాడ ఇంటర్వూలో ఆల్లడిగింది వినపడక ఏటండీ అన్నాను. మల్లీ అను, మల్లీ అను అని అనిపించి మరీ నవ్వారు. రోజూ ఆల్ల మజ్జిన ఎలా బతకనే? కలకత్తాలో అయితే నా తెలుగు ఎవడికీ తెల్దు. కానీ అంత దూరం పోతే మీకేటైనా అయితే రాలేనే!"

నానమ్మ కింద కూర్చుని కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "నవ్వినోల్లే ఉజ్జోగం ఇచ్చారు కదరా. నీ గీత సూసి ఇచ్చారు, నీ మాట సూసి కాదు. కలకత్తా నచ్చితే సుబ్బరంగా ఎల్లు. నోరు దాసుకోడానికి మాత్తరం ఎల్లకు. ఆ నోటితోనే కదరా నన్ను అమ్మా అన్నావు."

శనివారం చిన్నాన్న బెజవాడ వైపు బండెక్కాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. దిగిపోతాడేమోనని అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బండి కదిలాక నానమ్మ ఏదో అంది. ఆ రొదలో చిన్నాన్నకి వినపడలేదు. కిటికీలోంచి సగం బయటికి వంగి, "ఏటే అమ్మా? ఏటంటన్నావే?" అని అరిచాడు. పెట్టెలో ఎవరో నవ్వారు. ఆయన అటు తిరిగి కూడా చూడకుండా ఇంకా గట్టిగా, "ఏటీ?" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ నువ్వు ఏమన్నావని అడిగాను. "ఏటీ అనలేదే. ఉత్తినే పెదాలు కదిపాను. ఆడి నోట ఆ మాట ఇందామని" అంది నానమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

నా బడి ఆగలేదు. నేనూ పెద్దదాన్నయి బెజవాడలోనే పంతులమ్మగా చేరాను. మొదటిరోజే పిల్లలు నా మాటకి నవ్వితే, సిగ్గు విడిచి చెబుతున్నాను, వారం రోజులు కొలిచినట్టు మాట్లాడాను. తర్వాత ఓ పిల్ల వెనక బెంచీలోంచి ఏదో అడిగింది, సరిగా వినపడలేదు. రైలు కిటికీలో చిన్నాన్న ముఖం గుర్తొచ్చింది. "ఏటమ్మా?" అన్నాను. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డాను, ఇప్పటికీ అదే అంటున్నాను.