చాడీలు చెప్పిన రాజు

"డ్రామా సారు పోయినాడప్పా. ఈ తూరి నిజమే" అని మా నాటకంలో మంత్రి వేషం వేసే అన్న ఫోన్ చేశాడు. ఈ తూరి అనడానికి కారణముంది. మేము ఆయన్ను నాటకం నుంచి తప్పించాక, చావుబతుకుల్లో ఉన్నానని సారు రెండుసార్లు కబురు పంపారు. రెండుసార్లూ పరుగెత్తుకుపోతే వాకిట్లో కూర్చుని బొరుగులు తింటున్నారు. అందుకే వెంటనే ఏడుపు కూడా రాలేదు.

విడపనకల్లు దగ్గర మా ఊళ్లో పద్యనాటకం నేర్పింది ఆయనే. వానలు మొహం చాటేసి చేను పనులు ఆగిన మధ్యాహ్నాల్లో, శనక్కాయల గోదాములో రిహార్సల్స్. ఆయనది ఎప్పుడూ కుట్రలు పన్నే రాజు వేషం. నాది తిరగబడే సేనాపతి. పద్యం తప్పితే తిట్టేవారు కాదు, చెవి గోక్కుంటూ నవ్వేవారు. అదే ఎక్కువ మండేది.

"రాజు ఇద్దర్ని విడదీయాలని చాడీలు చెప్తాడు. ఏదో ఒకదినం ఆ ఇద్దరూ కూచోని మాట్లాడుకుంటారు. అంతే రా, వాని పని ఐపోయె. పాత నాటకాల్లో రాజులందరూ ఇట్లే చెడినారు" అనేవారు.

ఇంత తెలిసిన మనిషి చేసిన పని వినండి. "నీది మేక గొంతని మంత్రి అంటాండాడు" అని నాతో చెప్పేవారు. "నీకు పద్యం తలకెక్కదని సేనాపతి అంటాండాడు" అని అన్నతో. అన్నది భూములున్న ఇల్లు. మా నాయన వాళ్ల చేలో కూలికి పోయేవాడు. అసలే మా మధ్య మాటలు తక్కువ. ఆ కసంతా స్టేజీ మీద కక్కేవాళ్లం, జనం చప్పట్లు కొట్టేవాళ్లు.

ఇట్లా ఆరేళ్లు నడిచాక ఒకసారి, నాటకానికి పోతూ ఉంటే గుంతకల్లు స్టేషన్లో అన్నకూ నాకూ రైలు ఆలస్యమైంది. టీ తాగుతూ ఇక ఉండబట్టలేక అడిగేశాను. "అన్నా, నాది మేక గొంతా?"

అన్న బిత్తరపోయాడు. "నేను యాడన్నానప్పా? నాకు పద్యం తలకెక్కదని నువ్వే అంటివంట కదా!"

ఆ వారమే సారును తప్పించాం. రాజు కిరీటం నేనే పెట్టుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన మీద కోపం కూడా పోలేదు.

మేం వెళ్లేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. సారు భార్యను మేము అమ్మా అనే పిలుస్తాం. ఆమె మా ఇద్దరినీ చూసి, "మిమ్మల్ని కలపనీకే అట్ల చేసినానని చెప్తాండె. ముందు మీరు ఒక బెంచీ మీద కూచునేటోళ్లు కాదంట కదా" అంది.

నేను ఆమె పక్కన కూచున్నాను. "నిజమేనా అమ్మా?"

"నాకేం తెల్సు నాయనా. నాకూ మా చెల్లెలికీ గూడా చాడీలు చెప్పినాడు. మేం ఇంగా మాట్లాడుకోము."

మరి నేను ద్రోహం చేశానా, ఆయన కోరుకున్నదే చేశానా? ఆయనను అడగాలి. ఆయన చెప్పినా నమ్మడమెట్లా?

మా వైపు నటుడు పోతే పద్యం పాడి సాగనంపుతాం. నా నోటికి వచ్చింది ఒక్కటే, సేనాపతి వేలు చాపి రాజును నిలదీసే పద్యం. సగం దాకా పాడి ఆగిపోయాను. అన్న నా భుజం మీద చెయ్యేసి మిగతాది అందుకున్నాడు. ఇద్దరం ఏడుస్తూనే పాడాం. పద్యం అయిపోయాక చూసుకుంటే, చాపిన నా వేలు ఇంకా సారు వైపే ఉంది. దాన్ని ఎప్పుడు దించాలో తెలియక అట్లాగే నిలబడిపోయాను.