మైకుల చదివిన చందా

ఛత్రినాకల బాలకిషన్‌ను జనం రెండు పనులకు యాదిజేసుకుంటరు. ఒకటి టీవీ రిపేరు, రెండోది బోనాల చందా. రిపేరుకు ఇప్పుడు ఎవ్వడు వస్తలేడు. గోడకు తగిలించిన టీవీ చెడిపోతె కొత్తది తెచ్చుకునుడే గని, బాగుచేయించుకునేటోడు ఏడున్నడు? చందా సంగతి వేరే. ఇరవై ఏండ్ల సంది ఆషాఢం రాంగనే రసీదు బుక్కు సంకల పెట్టుకొని గల్లీ గల్లీ తిరిగేది ఆయననే. వసూలు చేసుడు ఒక ఎత్తు, పొద్దుగూకంగ మైకు పట్టి పేర్లు చదువుడు ఇంకో ఎత్తు. "ఛత్రినాక వాస్తవ్యులు, కీర్తిశేషులు ఎల్లయ్య గారి కుమారుడు నర్సింహ గారు, అమ్మవారికి ఐదు వందల ఒక్క రూపాయి" అని ఆయన గొంతు లేస్తె, ఇంట్ల అన్నం తినేటోడు సుత చెయ్యి ఆపి ఇంటడు. నూటొక్క రూపాయి ఇచ్చినోడైనా సరే, పేరు తప్పు చదివితె మాత్రం లొల్లే.

గీ మనిషికి మూడో పని ఒకటున్నదని బస్తీల చానామందికి తెల్వది. పాత వీడియో గేములు ఆడి, ఏది బాగున్నదో ఏది చెత్తనో చెప్పే షో నడిపిస్తడు. లాక్‌డౌన్ల దుకాణం బందయినప్పుడు సజ్జ మీదికెల్లి చిన్నప్పటి కాసెట్ల డబ్బా దించి, పిక్చర్ ట్యూబు టీవీకి తగిలించి ఆడుకుంట కూసున్నడు. బిడ్డ ఆశ్రిత ఊకోక ఫోన్ల తీసి యూట్యూబ్‌ల పెట్టింది. షో పేరు "ఊది పెట్టు". ఆ కాలం కాసెట్ ఏదీ ఒక్కసారికి నడిచేది కాదు, తీసి, మూతికాడ ఉఫ్ మని ఊది మల్ల పెట్టాలె. ఊదితె లాభం లేదు, పైగ నోటి తడి తగిలి తుప్పు పడ్తది, మెకానిక్కు ఆ సంగతి ఎరుకనే. అయినా ఊదుతడు. ఊదకుంటె ఇగ మజా ఏమున్నది అంటడు.

షోల ఆయన మార్కులియ్యడు, చుక్కలియ్యడు. గంట కిరాయి లెక్కన చెప్తడు. తొంభైలల్ల పత్తర్‌గట్టిల సీతారాం సేట్ అని ఒకాయన, తన బట్టల దుకాణం ఎనక గదిల నాలుగు టీవీలు పెట్టి, గంటకు ఆరు రూపాయలకు పోరగాండ్లను గేములు ఆడనిచ్చేటోడు. బాలకిషన్ బడి ఎగ్గొట్టి పోయి కూసునేది ఆడనే. సేట్‌ది ఒక పద్ధతి ఉండె. ఆట బాగలేదని పది నిమిషాల లోపట చెప్తె కాసెట్ మార్చి, గంట మల్ల మొదటికెల్లి మొదలుపెట్టేటోడు. గా పద్ధతే బాలకిషన్ మనసుల పడిపోయింది. బాగున్న ఆటకు "రెండు గంటల పైసలు కట్టొచ్చు" అంటడు, అటిటు ఉన్నదానికి "అర్ధగంట చాలు" అంటడు, మరీ చెత్త అయితె "కాసెట్ మార్చు సేట్" అంటడు. ఆ ఒక్క మాట కోసమే చూసేటోళ్లున్నరు. ఎవ్వని దగ్గర రూపాయి తీసుకోకుండ చెప్తడు గనుకనే నమ్ముతరు.

అయితె ఫోన్ల తీస్తె ఆ పాత టీవీ బొమ్మ మీద నల్లగ అడ్డగీతలు కొడ్తున్నయి, మాట సక్కగ ఇనబడ్తలేదు. మంచి కెమెరా, మైకు కొనాలంటె లక్షన్నర. ఆశ్రిత ఒక వెబ్‌సైటు దొరికించుకొచ్చింది. అండ్ల అడిగితె షో అంటె ఇష్టమున్నోళ్లు తలా ఇంత ఏస్తరు. ఓహో, చందానే గదా అన్నడు బాలకిషన్. చందానే గని ఒక మెలిక ఉన్నదన్నది బిడ్డ. ముప్పై రోజులల్ల లక్షన్నర నిండాలె, పది రూపాయలు తక్కువైనా అందరి పైసలు వాళ్ల వాళ్లకు వాపస్ పోతయి. గడువు దాటేదాంక ఏసినోడు తన పైసలు తీసేసుకోవచ్చు సుత. ఈ మాట ఆయనకు మింగుడు పడలే. వచ్చినకాడికి వచ్చింది అనుకునుడే చందా, వాపస్ పోవుడేంది?

భార్య స్వరూప ఇంట్ల జాకెట్లు కుడ్తది, ఇల్లు ఆమె మిషిని మీదనే నడుస్తున్నది. ఆమె గొడవ పెట్టలే, ఒక్క షరతు పెట్టింది. బెంగుళూరు ఆయన ఒకడు మొత్తం కాసెట్లు కొంటనని ఏడాది సంది ఎంటపడ్తున్నడు. చందా నిండితె షో నడిపించుకో, నిండకపోతె కాసెట్లు ఆయనకు అమ్మి, షో బందుపెట్టి, ఏసీల కంపెనీల నౌకరికి పోవాలె అన్నది. బాలకిషన్ సరే అన్నడు. అననైతె అన్నడు గని ఆ రాత్రి కాసెట్లను రెండుసార్లు లెక్కబెట్టుకున్నడు.

పన్నెండు రోజులు గడిచినా ముప్పై వేలు కాలే. చందా ఏసినోళ్లకు స్టిక్కర్లు, టీషర్టులు పంపుతమని ఆశ్రిత ఇంగ్లీషుల రాసింది. చందా ఇచ్చినోనికి అంగీ ఇచ్చుడేందని ఆయన తల పట్టుకున్నడు. చందాకు మనం ఇచ్చేది రెండే, ఒకటి రసీదు, రెండు మైకుల పేరు. ఆ ఆదివారం షోల బోనాల మైకు ముంగట పెట్టుకొని, ఏసినోళ్ల పేర్లు తండ్రి పేరుతోని, ఊరి పేరుతోని, ఎవరి దుకాణంల గేములు ఆడెనో గా ముచ్చటతోని, గొంతెత్తి చదివిండు. ఇగ చూస్కో. దుబాయ్ కెల్లి ఒకడు, కరీంనగర్ కెల్లి ఒకడు, మా నాయిన పేరు సుత చదువన్నా అని ఏసుడే ఏసుడు. జహనుమాల ఉండే స్వీటీ అనే నర్సు, రైల్వేల చేసి రిటైరయిన వాళ్ల డాడీ డానియేలు పేరు చదివించుకొని, ఆయనకు ఆ ముక్క పదిసార్లు ఇనిపించిందట.

పద్దెనిమిదో రోజు ఒక్కడే ఇరవై ఐదు వేల ఒక్క రూపాయి ఏసిండు. పేరు అనురాగ్, పత్తర్‌గట్టి. కింద "మా నాన్న సీతారాం గారి పేరు మీద" అని రాసి ఉన్నది. బాలకిషన్ ఆ పేరు మల్లొకసారి చదివిండు. ఆ సేట్‌నే. ఎప్పుడు పోయిండో ఏమో, తెలిస్తె కనీసం చూడపోయెటోడు గదా అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ఇరవై ఏండ్ల చందా అనుభవంల ఆయన నేర్చింది ఒకటే, ఎవ్వరన్న పేరు మీద ఇస్తున్నరంటె ఆ మనిషి లేనట్టే. అందుకని ఎవ్వరినీ అడగలే. ఆదివారం మైకుల "పత్తర్‌గట్టి వాస్తవ్యులు, కీర్తిశేషులు సీతారాం సేట్ గారి కుమారుడు అనురాగ్ గారు" అని నిండుగ చదివి, సేట్ ముచ్చట్లు ఐదు నిమిషాలు చెప్పిండు. ఆ దినంతోని లక్షన్నర నిండింది.

మర్నాడు అనురాగ్ మనిషిని పెట్టి, టీవీకి తగిలించి గేములు ఆడే డబ్బా ఒకటి పంపిండు. అండ్ల లక్ష పాత ఆటలున్నయట, హోల్‌సేల్ల తనే అమ్ముతున్నడట, ఈ ఆదివారమే షోల చూపెట్టాలెనట. బాలకిషన్ మూడు రోజులు కూసొని ఆడిండు. లక్ష లేవు. వందకు మించి లేవు. ఒక్కటే ఆటకు రంగు మార్చి, పేరు మార్చి, వరుసగ పేర్చిన్రు. రిమోట్ బటన్లు సుత రెండో రోజుకే ఇరికినయి.

అప్పుడు ఆశ్రిత మెల్లగ అడిగింది. "డాడీ, ఇంక ఆరు రోజులే గదా. ఆ గడువు దాటినంక చెప్పరాదు? అబద్ధమేం చెప్తలేం, కొంచెం ఆగుతున్నం, గంతే."

బాలకిషన్ రిమోట్ పక్కకు పెట్టిండు. ఆశపడలేదని కాదు, మస్తు ఆశపడ్డడు. అర మీద కాసెట్లు కనబడ్తున్నయి, మిషిని మీద ఒంగిన స్వరూప కనబడ్తున్నది. ఆఖరికి అన్నడు, "పైసలు మన చేతులవడ్డంక చెప్తె మోసం బిడ్డా. వాపస్ తీసుకునే దారి ఆయనకు ఉన్నప్పుడే చెప్పాలె."

ఆదివారం డబ్బా విప్పి చూపెట్టి, ఒక్కో ఆటను ఎట్ల రెండోసారి, మూడోసారి అమ్ముతున్నరో చూపెట్టి, కడకు "కాసెట్ మార్చు సేట్" అన్నడు. గంట తిరగకముందే అనురాగ్ తన పైసలు తీసేసుకున్నడు. మిగిలిన రోజులల్ల వచ్చింది వచ్చింది గని ఆ గుంత పూడలే. బుధవారం గడువు దాటింది, అందరి పైసలు అందరి ఖాతాలకు పోయినయి. స్వరూప ఎప్పటిలెక్కనే మిషిని మీద కూసున్నది. అదే ఆయనకు ఎక్కువ తగిలింది. అట్టపెట్టె తెచ్చి, కాసెట్లన్నీ తుడిచి సర్ది, బెంగుళూరు ఆయనను ఆదివారం రమ్మని తనే ఫోన్ చేసి చెప్పిండు.

శుక్రవారం పొద్దుగాల స్వీటీ ఫోన్ చేసింది. గొంతుల కోపమే ఉన్నది.

"మా డాడీ పేరు మైకుల చదివినవు గదన్నా. పైసలు నా ఖాతాల మల్ల వచ్చి పడ్డయేంది? చదివించుకొని చందా గుంజుకున్నరని ఎవ్వరన్న అంటె డాడీ తల ఏడ పెట్టుకోవాలె? పైసలు పంపే నంబర్ చెప్పు, సీద నీకే కొడ్త."

తర్వాత దుబాయ్ ఆయన, తర్వాత కరీంనగర్ ఆయన. ఆ దినమంత ఫోను ఆగలే. అందరిదీ ఒకటే మాట, మైకుల పేరు పడ్డంక పైసలు వాపస్ తీసుకునేదేంది ఇజ్జత్ తక్కువ అని. అందరూ ఇచ్చినా అనురాగ్ పైసల గుంత అట్లనే ఉన్నది. షరతు షరతే అనుకున్నడు బాలకిషన్, అట్టపెట్టె గడపకాడనే పెట్టిండు.

శనివారం పగటీలి దుకాణం ముంగట ఆటో ఆగింది. కట్టె పట్టుకొని ఒక ముసలాయన దిగిండు. బాలకిషన్ చేతులున్న సోల్డరింగ్ కడ్డీ అట్లనే పొగ లేస్తున్నది, ఆయనకు సోయి లేదు. దిగింది సీతారాం సేట్.

సేట్ వచ్చి స్టూలు మీద కూసొని, తను పడ్డ తిప్పలు చెప్పిండు. రెండు వారాల సంది ఇంటికి ఫోన్లే ఫోన్లట. ఎప్పుడు పోయిండు, దినం ఎప్పుడు అని అడుగుడట. ఒక చుట్టమైతె పూలదండ పట్టుకొని గడపదాంక వచ్చి, తలుపు తీసిన సేట్‌ను చూసి దండ ఎన్కకు దాచిండట. బాలకిషన్ రెండు చేతులు జోడించి, తప్పయింది సేట్ అని అనుడే అనుడు. సేట్ అదేం పట్టించుకోలే. మా పోరడు పంపిన డబ్బా ఉన్నదా అని అడిగిండు. పెట్టుమన్నడు. అద్దాలు సవరించుకొని రిమోట్ పట్టి, ఒక ఆట, రెండో ఆట, మూడో ఆట చూసిండు. పది నిమిషాలు కాలే, రిమోట్ బాలకిషన్ చేతుల పెట్టిండు.

"కాసెట్ మార్చు."

అని, జేబులకెల్లి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టిండు. "నా పేరు మైకుల చదివినంక వాపస్ ఎవడు తీసుకుంటడు? వాడు నా కొడుకే గని వానికి చందా సంగతి తెల్వది. రసీదు రాయి."

బాలకిషన్ సొరుగు గుంజిండు. అండ్ల అమ్మవారి బొమ్మున్న బోనాల రసీదు బుక్కు ఉన్నది, దాంట్ల రాయబుద్ధి కాలే. ఇగ ఉన్నది టీవీ రిపేరు బిల్లు బుక్కు. దాంట్లనే పేరు రాసిండు, ఊరు రాసిండు, ఇరవై ఐదు వేల ఒక్క రూపాయి అని రాసిండు. కండ్లు మసకబారి అక్షరాలు అటిటు పోతున్నయి. బిల్లుల "కంప్లైంటు" అని ఒక గడి ఖాళీగ మిగిలింది.

"ఇండ్ల ఏమని రాయాలె సేట్?"

"బతికే ఉన్నడని రాయి" అన్నడు సీతారాం.

బాలకిషన్ గదే రాసి, చింపి చేతికిచ్చిండు. లోపట మిషిని ఆగింది. స్వరూప బయటికొచ్చి సేట్‌కు మంచినీళ్లిచ్చి, గడపకాడి అట్టపెట్టెను కాలుతోని లోపటికి జరిపి, బెంగుళూరు ఆయన నంబర్ ఏది అని మొగున్ని అడిగింది.