తోడు కళ్ళ సొరుగు

నా ఎడమ కన్ను నాది కాదు. ముప్పై ఏళ్ళ కిందట ఒక రాతి క్వారీ పక్కగా నడిచిపోతుంటే, సుత్తి దెబ్బకు ఎగిరిన పెంకు వచ్చి తగిలింది. అప్పటినుంచి ఆ గుంటలో ఉన్నది చేతిపని. మనిషి చేసిన వస్తువు కనుక అరుగుతుంది, గరుకెక్కి రెప్పను ఒరుసుకుంటుంది. అలా ఒరుసుకున్నప్పుడు, నేను ఎక్కడ తిరుగుతున్నా సరే, దాన్ని చేసిన రెండో అంతస్తు గదికే వెళతాను. ఈసారి వెళ్ళింది మూడోసారి.

కింద తాళాలు బాగుచేసే కొట్టు, దాని పక్కన ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. పైన ఒకే గది. ఉత్తరపు గోడంతా కిటికీ. ఎండ నేరుగా పడితే రంగు అబద్ధం చెబుతుందట, అందుకని ఆ వైపు. కిటికీ దగ్గర రెండు ముక్కాలిపీటలు, మోకాలికి మోకాలు ఆనేంత దగ్గరగా. ఒకదానిమీద కన్ను పోయినవాడు, రెండోదానిమీద రంగు వేసేవాడు. మిగిలిన కన్నును చూస్తూ, దానికి జోడీ అయ్యే బిళ్ళను, రూపాయి కన్నా చిన్నదాన్ని, నాలుగు వెంట్రుకల కుంచెతో పొర మీద పొరగా రంగు వేసి తెస్తారు. తెల్లగుడ్డు మీద నరాలకు ఎర్ర పట్టుదారపు పోగులు అతికిస్తారు. పైన గాజులాంటి పొర పోసి వేడినీళ్ళలో ఉడికిస్తారు. మొత్తం ఐదు రోజుల పని.

కిటికీకి ఎదురుగోడ నిండా సొరుగులు. ఆ గదిలో చేసిన ప్రతి కన్నూ రెండు చేస్తారు. ఒకటి మనిషి పెట్టుకుపోతాడు, రెండోది నంబరు వేసి సొరుగులో దాస్తారు. దాన్ని ‘తోడు’ అంటారు. దూరాన ఎక్కడైనా మొదటిది పగిలినా పారేసుకున్నా పోస్టులో తోడు పంపిస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకొక సొరుగు తెరిచి చూపించారు. దూది మీద వరసగా అరవై కళ్ళు, అన్నీ వెలుగు వైపే. చూపు లేనివాటికి భయమెందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, సొరుగు మూసేదాకా గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను.

చేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ కళ్ళాయన అంటారు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలూ ఆమె కూతురూ ఆ వెనకింట్లోనే ఆయనతో ఉంటారు. చెల్లెలు దర్జీ పని చేస్తుంది. కిందటిసారి నేను వెళ్ళినప్పుడు ఆ కూతురు పలక పట్టుకుని తిరిగే పిల్ల. ఇప్పుడు పద్దెనిమిది. ఇంట్లో చిన్నది అని పిలుస్తారు, ఎత్తు మాత్రం మేనమామను మించిపోయింది.

సోమవారం నేను పీట మీద కూర్చోగానే ఎదురుపీట మీద చిన్నది వచ్చి కూర్చుంది. కళ్ళాయన వెనక నిలబడి నా మొహంలోకి చూసి, “చెయ్యి వణుకుతోందండీ, ఏడాదైంది. ఇప్పుడంతా మా పిల్లే. నాకన్నా మెరుగు, కంగారు పడకండి,” అన్నాడు. కుడిచేతిని జేబులో పెట్టుకునే ఉన్నాడు. జేబు కదులుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నానికే ఇంటి గొడవంతా నాకు తెలిసిపోయింది. కన్ను తీసి పక్కనపెట్టుకు కూర్చున్న మనిషి దగ్గర ఎవరికీ మొహమాటం ఉండదు. చిన్నదానికి యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం సీటు వచ్చింది. శనివారం పన్నెండింటిలోగా స్వయంగా వెళ్ళి సంతకం పెట్టాలి, లేకపోతే సీటు తర్వాతివాళ్ళకు పోతుంది. వెళితే ఈ పీట ఖాళీ. ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, కన్ను పోయిన పసిపిల్లలకు మొహం పెరిగేకొద్దీ ఏటేటా కొత్తది చెయ్యాలి. వాళ్ళమ్మ చదువుకోమంటుంది. మేనమామ ఏమీ అనడు. అనకపోవడమే ఆ పిల్లకు నోటికాడ ముద్దను దిగనివ్వడం లేదు.

“ఇక్కడేమో కళ్ళు, అక్కడేమో రాళ్ళు. ఆ రాళ్ళు వచ్చి నువ్వు లేవని ఏడుస్తాయా?” అని ఒక్కసారి మాత్రం అన్నాడట. అదీ నవ్వుతూ.

నేనొకప్పుడు ఒక రేవుపట్నంలో బొమ్మలు గీసేవాడింట్లో నెల్లాళ్ళు అద్దెకున్నాను. ఎవరి బొమ్మ గీసినా చెవులు మాత్రం తనవే పెట్టేవాడు. చెబితే కొట్టడానికి వచ్చేవాడు. ఈ సంగతి ఊసుపోక సోమవారం సాయంత్రం చెప్పాను. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నది కుంచె కడిగి, తుడిచి, లేచి వెళ్ళిపోయింది. చెప్పకూడనిదేదో చెప్పానని తెలిసింది గాని ఏమిటో తెలియలేదు.

మర్నాడు ఆమె తల్లి చెప్పింది. రెండు నెలల కిందట ఆస్పత్రి టెలిఫోను బోర్డు దగ్గర పనిచేసే ఒకావిడ వచ్చింది. వాళ్ళు ఆపరేటరక్క అంటారు. ఆమెకు రెండు కళ్ళూ లేవు. అలాంటివాళ్ళకు చూసి వేయడానికి జోడీ ఉండదు గనుక, రక్తసంబంధీకుల్ని ఎవరినైనా ఎదురుపీట మీద కూర్చోబెట్టుకోవాలి. ఎదురుగా కన్ను లేకుండా కుంచె పట్టకూడదన్నది ఆ గదిలో మొదటినుంచీ ఉన్న కట్టుబాటు. ఆ రోజు ఆపరేటరక్క తమ్ముడు రావలసింది, రాలేదు. కళ్ళాయన చేతికి మందు కోసం ఆస్పత్రికి వెళ్ళాడు. ‘ఎంతసేపు ఎదురుచూస్తాం, మామూలు గోధుమరంగే కదా’ అనుకుని చిన్నది ఖాళీ పీటకు ఎదురుగా కూర్చుని రెండు కళ్ళూ వేసేసింది. ఇంత సులువుగా ఎప్పుడూ చెయ్యి నడవలేదని చెప్పిందట.

పెట్టుకునే రోజున ఈ తల్లి టీ గ్లాసులు పట్టుకుని గదిలోకి వచ్చింది. ఆపరేటరక్క అలికిడి విని తల తిప్పింది. ఈమె అక్కడే నిలబడిపోయింది.

“అన్నయ్యా, ఇవి మన పిల్ల కళ్ళు,” అంది ఆవిడకు వినపడకుండా.

అచ్చంగా అవే. ఎడమ నల్లగుడ్డు కింది అంచున, గడియారంలో ఐదంకె ఉండేచోట, ఆవగింజలో సగమంత ముదురు మచ్చ ఉంది చిన్నదానికి. అదీ ఉంది అక్కడ. ఆపరేటరక్క సంబరంగా పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి చిన్నది ఆస్పత్రి వీధిలోంచి నడవడం మానేసింది. కూరగాయల బజారులో ఒకసారి ఎదురుపడిందట. ఇంత దూరంనుంచి తన కళ్ళే తనను చూస్తూ, తనను గుర్తుపట్టకుండా, పక్కనుంచి వెళ్ళిపోయాయట.

బుధవారం బిళ్ళమీద రెండో పొర ఆరాలి. చేసే పని లేదు. చిన్నది భూతద్దం పట్టుకుని ఈ ఏడాది సొరుగు తెరిచింది. ఒక్కొక్క తోడునూ కిటికీ దగ్గరకు తెచ్చి చూసి దూది మీద బోర్లిస్తోంది. పదో పన్నెండో అయ్యాక నన్ను పిలిచింది. “తాతగారూ, నాకు చాదస్తమేమో, మీరు చూడండి.” ఉన్న ఒంటికన్నుతో చూశాను. బూడిదరంగు కన్నులో, తేనెరంగు కన్నులో, చంటిదాని కన్నులో, కుడిదైనా ఎడమదైనా, ఐదంకె దగ్గర సన్నని మచ్చ. తెలిసి వెతికితే తప్ప దొరకనంత సన్నం.

“అన్నీ నేను వేసినవే,” అంది. ఆగి, పై సొరుగు లాగింది. అవి కళ్ళాయన చెయ్యి బాగున్ననాటివి. వాటిలోనూ ఉంది. నేను నా పాత కన్నును గుడ్డలోంచి తీసి ఇచ్చాను. దాంట్లోనూ ఉంది. ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకుంటూ అది నా మచ్చే అనుకున్నాను.

కళ్ళాయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. దగ్గరకు వచ్చి వంగాడు. ఆయన ఎడమకంట్లో వెతకాల్సిన పనే లేకుండా మచ్చ కనిపించింది.

“మేనమామ పోలిక రాకుండా ఎక్కడికి పోతుందే పిచ్చిదానా? నా కన్ను నీకొచ్చింది, అంతే. దానికింత రాద్ధాంతమా?” అన్నాడు.

ఆ మాటకు నాకు కూడా ఊపిరి ఆడింది. చిన్నది మాత్రం నిచ్చెన తెచ్చి వేసుకుని అన్నిటికన్నా పై సొరుగు తెరిచింది. కళ్ళాయనకు పని నేర్పిన ముసలాయనవి అవి. ఆయన పోయి నలభై ఏళ్ళు. దూది పసుపు పచ్చగా అట్టలు కట్టింది. రెండు కళ్ళు తీసి భూతద్దం కింద పెట్టి, వాటిలోనూ అదే మచ్చ చూసి, కిందికి చూడకుండానే అడిగింది:

“మీ గురువుగారు మనకేమవుతారు మావయ్యా?”

కళ్ళాయన వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఆ గురువు ఏమీ కాడు. ఎక్కడినుంచో వచ్చిన మనిషి, వీళ్ళకు ఏ చుట్టరికమూ లేదు. ఆ సాయంత్రం వాళ్ళమ్మను అడిగితే, పురిట్లో గాని పలక పట్టినప్పుడు గాని బిడ్డ కంట్లో మచ్చ చూసిన గుర్తు లేదంది. గుర్తు లేదంది గాని, లేదని ఒట్టు పెట్టలేదు. కూతురి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి చాలాసేపు చూసి, కుట్టుమిషను దగ్గరకు వెళ్ళి కూర్చుంది. మిషను చప్పుడు మాత్రం వినిపించలేదు.

గురువారం చిన్నది ఆస్పత్రికి వెళతాను, తోడు రమ్మంది. టెలిఫోను గది మెట్లకింద ఉంది. ఆపరేటరక్క చెవులకు తగిలించుకున్నది తీసి మావైపు తిరిగింది. నా పక్కన నిలబడ్డ పిల్ల కళ్ళే ఎదురుగా ఇంకో మొహంలో. నాకు కాసేపు ఎటు చూడాలో తెలియలేదు. చిన్నది తడబడుతూ జరిగిందంతా చెప్పింది. పొరపాటు తనదేననీ, తమ్ముణ్ణి కూర్చోబెట్టి కొత్తవి చేసి ఇస్తాననీ అంది.

ఆపరేటరక్క అడ్డుపడకుండా విన్నది.

“నీ పోలికే ఉన్నాయా నిజంగా?”

“ఉన్నాయక్కా.”

“మరి ఇవి పెట్టుకున్నాక అందరూ నాతో నిలబడి మాట్లాడుతున్నారమ్మా. ఇదివరకు పక్కనున్నవాళ్ళతో మాట్లాడేవాళ్ళు, నేను చెక్కబల్ల అయినట్టు. నేనివ్వను.” తర్వాత కొంచెం నవ్వి, “నీవి నీ దగ్గర ఉన్నాయి కదా, చూసుకో,” అంది.

బోర్డు మీద దీపం వెలిగింది. ఆవిడ అటు తిరిగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు తాళాల కొట్టు ముందు చిన్నది ఆగి, “ఉన్నాయో లేదో ఎలా చూసుకుంటాం తాతగారూ, వాటితోనే కదా చూసుకోవాలి,” అంది. మెట్లు ఇరుకు కనుక ఆమెను ముందు ఎక్కనిచ్చాను. 

శుక్రవారం చివరి పొర. పొద్దున్నే కూర్చున్నాం. ఆమె నా కుడికన్నులోకి చూస్తుంది, కుంచె ముంచుతుంది, మళ్ళీ చూస్తుంది. మనిషి అంత దగ్గరగా, అంత సేపు, మాట లేకుండా మన కంట్లోకి చూస్తుంటే, వెనక ఎవరో తలుపు తీసి లోపల తిరుగుతున్నట్టుంటుంది. మచ్చ ఉండేచోటు వదిలి చుట్టూ పూర్తి చేసింది. చివరికి ఆ ఒక్కచోటు మిగిలింది. కుంచె దాని మీదికి వచ్చి ఆగింది. చెయ్యి వణకలేదు. రాయిలా నిలిచింది. మెల్లగా దిగుతోంది. ఆమె మొహం చూశాను. ఆమె ఆపాలని చూస్తున్నట్టు లేదు, దిగనివ్వాలని చూస్తున్నట్టూ లేదు. ఎవరో చేస్తున్న పనిని పక్కన కూర్చుని చూస్తున్నట్టుంది.

వెంట్రుకవాసి దూరంలో కుంచె తీసి గిన్నెలో పడేసింది.

“చెయ్యి దానంతటదే వెళుతోంది మావయ్యా,” అంది. “బాగా వెళుతోంది. నాకు ఇష్టంగా కూడా ఉంది. ఇక్కడుంటే మంచి పనిదాన్నవుతాను. నేను మిగులుతానో లేదో తెలీదు.”

కళ్ళాయన కిటికీ దగ్గరకు వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. 

“నీ వయసులో నాకూ ఒక కాగితం వచ్చింది. సంతకం పెట్టి పంపమన్నారు. గురువుగారి చెయ్యి అప్పటికే పట్టుతప్పుతోంది. పంపలేదు. దానికి నేనేమీ బాధపడలేదు, పడ్డానని చెబితే అబద్ధం.” జేబులోంచి చెయ్యి తీసి గాజు మీద ఆనించాడు. గాజు సన్నగా మోగింది. “అప్పుడు నా కళ్ళు ఏ రంగుండేవో మాత్రం గుర్తు రావడం లేదు. నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను. నువ్వెళ్ళమ్మా. పిల్లలున్న ఇళ్ళన్నిటికీ నేనే ఉత్తరాలు రాస్తాను, ఇక్కడికి రావద్దనీ, ఇంకెక్కడ చేస్తారో కనుక్కోమనీ.”

చిన్నది ఏడవలేదు. “పాపం వాళ్ళు ఎంత దూరం తిరగాలి,” అని మాత్రం అంది. 

నా కన్నును కళ్ళాయనే ముగించాడు, కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో బిగించి పట్టుకుని. ఉడికించి, మెరుగుపెట్టి, సాయంత్రం నా రెప్పకింద ఆయనే అమర్చాడు. చక్కగా ఇమిడింది. భూతద్దం తెచ్చి అద్దం ముందుకు రమ్మన్నాడు. వద్దన్నాను. ఇంతవరకూ చూసుకోలేదు.

శనివారం బస్సులో చిన్నదాని పక్కనే కూర్చున్నాను, నా దారి కూడా అటే. వాళ్ళమ్మ రాత్రికి రాత్రి కుట్టిన కొత్త సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి రోడ్డుపక్క కోసిన కొండ పొరలను లెక్కపెడుతూ కూర్చుంది. యూనివర్సిటీ ఆఫీసులో వరస పెద్దది. మా వంతు వచ్చేసరికి పావుతక్కువ పన్నెండు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని కాగితం ముందుకు తోశాడు. అన్నీ నింపింది. ఒక గడి దగ్గర కలం ఆగిపోయింది. గుర్తింపు మచ్చలు.

గుమాస్తా గడియారం చూసి, ఆమె మొహం చూసి, విసుక్కున్నాడు. “ఎడమ కంట్లో ఉంది కదమ్మా, కనిపిస్తూనే ఉంది. రాయండి. పుట్టుకతో వచ్చిందేనా?”

“తెలీదండీ,” అంది చిన్నది.

వెనకాల నలుగురు గొణుగుతున్నారు. ఆమె ఆ గడి ఖాళీగానే వదిలేసింది. కింద సంతకం పెట్టి కాగితం తిప్పి ఇచ్చింది. ఖాళీ పనికిరాదనీ, ఏదో ఒకటి రాయాల్సిందేననీ అతనంటున్నాడు. “నాలుగేళ్ళ చదువయ్యాక మళ్ళీ చూసి చెబుతానండీ,” అంది ఆమె. అతను ఒక్క క్షణం కళ్ళప్పగించి చూసి, ఎందుకో మరి, ముద్ర వేసి పక్కకు పెట్టేశాడు.