నేను కొన్న డీవీడీ, ఆమె ఫోను

మా అత్తకు ఇద్దరు కోడళ్లం. నేను పెద్దదాన్ని, ప్రొద్దుటూరులో డిగ్రీ చదివినదాన్ని, ఏ మాటకైనా కారణం అడిగేదాన్ని. చిన్నది పదో తరగతితో ఆపేసింది. దేనికీ కారణం అడగదు. తల ఊపుతుంది, నవ్వుతుంది, ఆ నవ్వుతోనే పని కానిచ్చుకుంటుంది. “చిన్నమ్మి పలకరిస్తే సగం జబ్బు పోతాది” అని అత్త నా ఎదుటే అనేది. నేను పలకరిస్తే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు.

అత్త సగం ఏడాది ప్రొద్దుటూరులో మా దగ్గర, సగం ఏడాది పులివెందులలో వాళ్ల దగ్గర ఉండాలని అన్నదమ్ములు అనుకున్నారు. మా వంతు ఎప్పుడూ ముందే అయిపోయేది. అక్కడి చీనీతోటలో బత్తాయిల గాలి తగలకపోతే ఊపిరాడదనేది. ఆ తోట అమ్మేసిన తర్వాత కూడా అదే మాట అంది. నాకు కోపం రాదా?

అత్తకు ఒక్కతే అక్క. జమ్మలమడుగు అవతల, వాళ్లు పుట్టిన ఊళ్లోనే ఆమెను ఇచ్చారు. మా మామ బతికి ఉన్న రోజుల్లో ఒక పార్టీ తరఫున పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చునేవాడు. అక్క కొడుకులు రెండో పార్టీ. ఒక ఎన్నికల తర్వాత ఆ ఊళ్లో బాంబులు పడ్డాయి. కేసులో మా వైపు పేర్లు కొన్ని, వాళ్ల వైపు పేర్లు కొన్ని రాశారు. అంతే, మా బండి ఆ దోవ పట్టలేదు, వాళ్ల బండి మా వీధికి రాలేదు. ఫోను చేసుకోవడానికి కూడా లేదు. ఎవరు ఎవరితో మాట్లాడారో సాయంత్రానికల్లా పెద్దమనుషులకు చేరిపోయే కాలం అది. ఇద్దరు ముసలమ్మలు బాగోగులు అడుక్కుంటే, ఎందుకు అడుక్కున్నారని ఇద్దరి కొడుకులూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆ అక్క మనవరాలి పెళ్లి జమ్మలమడుగు కల్యాణ మండపంలో జరిగింది. మాకు కార్డు రాలేదు. రాదనీ తెలుసు. ఆ రోజు అత్త పన్ను నొప్పి అని అన్నం ముట్టలేదు. ఏ పన్ను అని అడిగితే అన్నీ అంది.

పెళ్లికి వీడియో తీసిన స్టూడియో మా బట్టల అంగడి వెనక వీధిలోనే ఉందని తెలిసి నేనే వెళ్లాను. ఒక డీవీడీ కావాలంటే స్టూడియో ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీరు ఎవరి తాలూకమ్మా అన్నాడు. అడగడం తప్పు కాదు. మా సీమలో పెళ్లి వీడియోను పెళ్లికూతురి కోసం చూసేవాళ్లు తక్కువ. ఎవరు ఎవరి జీపులో దిగారు, భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, పెళ్లికొడుకు భుజం మీద ఎవరి చెయ్యి పడింది, అవన్నీ ఆపి ఆపి చూసేవాళ్లే ఎక్కువ. నేను మా పుట్టింటి వీధి పేరు చెప్పాను. మా పుట్టింటికి ఏ పార్టీ లేదు, బంగారం కొట్టు ఉంది. చివరికి ఇచ్చాడు. “ఇంట్లో సూసుకోండి. ఇంకోళ్ల చేతికి పోగూడదు, కాపీ తీయగూడదు” అన్నాడు. సరేనన్నాను.

ఆ డిస్కు వచ్చాక మా ఇంట్లో నా బతుకే మారిపోయింది. పెళ్లంతా అయ్యాక భోజనాల దగ్గర, బంతి చివర కూర్చుని ఆ అక్క కనబడేది. ఒక్క నిమిషం కూడా ఉండదు. కెమెరా వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ ఏదో అనేది. ఏమందో వినబడదు, పైన సినిమా పాట పెట్టారు. అత్తకు ఆ కాస్త చాలు. రిమోటు నా చేతిలో ఉండేది. “ఇంగోసారి ఎనక్కి తిప్పు మ్మీ” అనేది. నేను తిప్పేదాన్ని. పొద్దున కాఫీ తాగి ఒకసారి, మధ్యాహ్నం నిద్ర లేచి ఒకసారి. మా వంతు అయిపోయినా పులివెందుల మాట ఎత్తలేదు. చిన్నది ఫోను చేస్తే, “వస్తాలే, తొందరేముంది” అంది. ఆ మాట నేను పక్క గదిలో నుంచి విన్నాను. చీర కొనిస్తే కలిగే సంతోషం కాదది.

ఆ సంతోషంలోనూ ఒక ముల్లు ఉండేది. తెర మీద ఆ అక్కను చూసి నవ్వినట్టు అత్త నన్ను చూసి ఒక్కసారి కూడా నవ్వలేదు. రిమోటు పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా ఆమెకు ఒకటే.

తర్వాత చిన్నది వచ్చింది. మా మరిది కువైట్ నుంచి పంపిన పెద్ద తెర ఫోను చేతిలో పట్టుకుని మరీ వచ్చింది. అత్త పక్కన కూర్చుని డిస్కు చూసింది. అక్క కనబడగానే అత్త చెయ్యి పట్టుకుని, “పెద్దమ్మ నీ గురించే అంటాండాది అత్తా” అంది.

“పాట మోగుతుంటే నీకెట్ల ఇనపడిందమ్మీ?” అన్నాను.

“ఇనపడాల్నా అక్కా? మొగం సూస్తే తెలీదా?”

అత్త కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ రిమోటు నొక్కింది నేను. కళ్లు తుడుచుకోవడం ఆమె మాటకు. మర్నాడు అత్త ఆమెతో పాటు బస్సెక్కింది. సంచిలో నా డిస్కు పెట్టుకుంది. ఒక్క మాట నన్ను అడగలేదు.

వారం తిరగకముందే డిస్కు కొత్త కవరులో వెనక్కి వచ్చింది. చిన్నది పులివెందుల బస్టాండు దగ్గర సెల్లు అంగడిలో ఇచ్చి, ఫోనులో ఆడేటట్టు మార్పించి, మెమరీ కార్డులో ఎక్కించుకుందట. అంతేనా, పెళ్లంతా తీసేసి ఆ అక్క కనబడే ముక్క ఒక్కటే విడిగా పెట్టించిందట. రిమోటు అక్కర్లేదు, టీవీ అక్కర్లేదు, కరెంటు పోయినా ఫరవాలేదు. నా అవసరం మాత్రం ఎక్కడుంది?

నేను ఊరుకునే మనిషిని కాదు. పులివెందుల వెళ్లాను. అత్త నులకమంచం మీద ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్నదాన్ని నిలబెట్టి అడిగాను. డిస్కు నేను కొన్నాను. నేను కొన్నదాన్ని నా ఫోనులో ఎక్కించుకుంటే నన్ను అడిగేవాళ్లు లేరు. నీ ఫోనులో ఎక్కించుకోవడానికి నువ్వు కొన్నావా? కాపీ తీయనని స్టూడియో ఆయనకు మాటిచ్చింది నేను. ఆ అంగడివాడి కంప్యూటర్లో పెళ్లంతా ఉండిపోతే, అందులో ఎవరెవరున్నారో ఎవడైనా చూస్తే, ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఇవన్నీ సరైన మాటలే. ఇప్పటికీ సరైనవే అంటాను. మండేది మాత్రం వేరేచోట.

“మనది ఒక ఇల్లే గదా అక్కా” అంది చిన్నది, అదే నవ్వుతో.

“ఒక ఇల్లయితే అత్త మా ఇంట్లోనే ఉండొచ్చు గదా.”

అప్పుడు అత్త ఫోను మీద నుంచి తలెత్తింది. “దీంట్లో ఉండేది మా యక్క. దాన్ని మీ ఇద్దుర్లో ఎవురు కొన్యారు?”

ఆ మాటకు ఏం చెప్పాలా అని బస్సులో దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూ వచ్చాను. ప్రొద్దుటూరు దగ్గరపడుతుండగా వేరేది తోచింది. చిన్నదాని ఫోనులో బొమ్మ ఉంది. గొంతు లేదు.

బస్సు దిగినదాన్ని ఇంటికి పోకుండా నేరుగా స్టూడియోకు వెళ్లాను. పాట పెట్టక ముందు తీసిన అసలు క్యాసెట్టు ఉంటుంది కదా, అందులో మాటలు ఉంటాయి కదా అని అడిగాను. ఆయన ముఖం మారిపోయింది. “పాట అందం కోసం ఏస్తామనుకున్యారామ్మా? బువ్వల కాడ మాటలు బయటికి పోతే రేపు నా అంగడి ఉండదు” అన్నాడు. ఎంగిలి విస్తరి ముందు మనుషులు ఏవేవో అంటారట, ఎవరి గెలుపు గురించో, ఎవరి చావు గురించో. అందుకని ఆ దగ్గర పాట ఇంకొంచెం గట్టిగా పెడతారట.

ఒక ముసలమ్మ నోట్లో మాటకు కూడా పార్టీ ఉంటుందా అని వాదించాను. ముందు నువ్వే విను, వినదగ్గదైతేనే ఇవ్వు అన్నాను. ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్నాడు. వింటూ వింటూ నవ్వాడు. తర్వాత నా చెవులకు ఇచ్చాడు.

“ఒరే అప్పా, ఆ కెమెరా నా మొగాన పెట్టేది సాలించి రవ్వంత ఉప్పు తేపో. ఇది పప్పా, కుడితా? మా చెల్లెలుండింటే ఈ పప్పు చేసినోని నెత్తిన పోసుండేది.”

గొంతు అచ్చం అత్త గొంతు. ఇంకోసారి పెట్టించుకుని విన్నాను. అప్పుడు రెండో సంగతి తగిలింది. చిన్నది చెప్పిందే నిజం. పాటలో ఏమీ వినకుండా, ముఖం చూసి, నోటికొచ్చింది చెప్పి, ఆమే గెలిచింది. ఇంత దూరం వచ్చి, ఇంత వాదించి, ఆమె మాటకు సాక్ష్యం పట్టుకున్నది నేను.

“యాడికి కోసేది మ్మా?” అన్నాడు ఆయన. చెల్లెలి మాట రాకముందే, పప్పు, కుడితి దగ్గర ఆపమంటే ఆపేవాడే. ఎవరికీ తెలిసేది కాదు. కానీ నేను కొన్నది సగం ఇమ్మని ఏ అంగడిలోనూ అడిగినదాన్ని కాదు. మొత్తం ఇమ్మన్నాను.

నా ఇంట్లో మీ అక్క మాట్లాడుతుంది, రమ్మని అత్తకు కబురు పెట్టాను. మొదటి బస్సుకే వచ్చింది, చిన్నదాన్ని వెంటబెట్టుకుని. ఈ కొత్త డిస్కు పెట్టాను. అక్క తిట్టు మొదలుపెట్టగానే అత్త నోరు తెరిచింది. మూయలేదు. అంతా అయ్యాక తెర వైపు చూస్తూ, “పోసేదాన్నే” అంది. “నీ నోరు ఇంగా అట్లనే ఉండాది గదే.” ఏడవలేదు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. చిన్నది నా వైపు చూసింది. నేను చెప్పలేదా అన్నట్టు అదే నవ్వు.

నవ్వు తగ్గాక అత్త నాకు చెప్పింది. “పెద్దదానా, దీన్ని చిన్నమ్మి ఫోన్లోకి ఎక్కించు.”

ఎక్కించాను. ఏం చేస్తాను? మా వీధి చివర సెల్లు అంగడిలో నేనే నిలబడి, నా ముందే మార్పించి, అంగడివాడి కంప్యూటర్లోంచి తుడిపించి, అప్పుడు కదిలాను. ఫోను చిన్నదాని చేతికి ఇవ్వలేదు, అత్త చేతికి ఇచ్చాను. ఇద్దరూ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. అత్త ఎక్కేటప్పుడు కూడా ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది. నాకు చెయ్యి ఊపలేదు.

నాలుగు రోజులకు ఫోను మోగింది. చిన్నది, పక్కింటి వాళ్ల ఫోను ఇంటికి తెచ్చుకుని చేసింది. ఆమె ఫోను ఆమె చేతికి దొరకడం లేదట. “ఏం తగిలించి పంపిచ్చినావక్కా? నాతో పలకడమే లేదు. అన్నం పెడితే, మా యక్క చెప్పినట్టు దీంట్లో ఉప్పు లేదంటాది. పొద్దున లేస్తే దానితోనే మాటలు. ఇంట్లో నేనొకదాన్ని ఉండానని ఉండాదా ఆమెకు?”

ఆ గొంతులో మెత్తదనం లేదు. ఆ మంట నాకు బాగా తెలిసిన మంట. తీరిగ్గా స్టూలు లాక్కుని కూర్చున్నాను. చెప్పమ్మీ, ఇంకేమంటాంది అని అడిగాను. ఆమె చెబుతోంది. ఆమె వెనక ఎక్కడో ఆ ఫోనులో అక్క పప్పును తిడుతోంది. పోస్తా, పోస్తా అని అత్త ఆమెకు జవాబు చెబుతూ నవ్వుతోంది. “ఫోను రవ్వంత ఆ పక్కకు పట్టమ్మీ” అన్నాను, ఇద్దరం కలిసి అది విన్నాం.