బోల్టు విరగ్గొట్టింది మా నాయిన కాదు

మా చిన్నప్పుడు కోదాడ నుంచి సూర్యాపేట పోయే బొగ్గు బస్సులో ఒక బోల్టు విరిగింది... అది విరగ్గొట్టింది మా నాయిన కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఇన్నేళ్లు ఆగాను. ఇక ఆగను.

మొన్న పెళ్లిలో కూడా మా బావ నన్ను చూసి పందిరంతా వినబడేలా, "అగో, బోల్టు మామ కొడుకొచ్చిండు... కుర్చీలు గట్టిగున్నయో లేదో సూసుకోండ్రి!" అన్నాడు. అందరూ నవ్వారు. మా చెల్లె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మా ఊరు అనంతగిరిలో మాకూ ఒక ఇంటిపేరుంది. ఎవరికీ గుర్తులేదు. అందరికీ మేము బోల్టోళ్లమే.

నాకు చదువు అంతంతే. అక్షరాలు తప్పితే మీరే సర్దుకోండి. జరిగింది మాత్రం తప్పకుండా చెబుతాను.

అప్పుడు నాకు ఏడేళ్లుంటాయేమో. చెల్లె లచ్చిమి ఇంకా చంటిది. గొంతు వాచిపోయింది. ఊపిరి తీస్తే రంపం కోసినట్టు గర్రుగర్రుమని చప్పుడు. పసరు పోసినా తగ్గలేదు. గొర్రెలను పాలోళ్లకు, అంటే మా దాయాదులకు, అప్పజెప్పి నాయిన, అమ్మ, మేనమామ, నేను సూర్యాపేట దవాఖానకు బయలుదేరాం.

ఆ బస్సుకు వెనక పెద్ద ఇనుప పీపా ఉండేది... అందులో బొగ్గులు మండితే ఆ పొగతోనే ఇంజన్ నడిచేది. మునగాల దాటాక ఇంజన్ కింద నీళ్లు కారడం మొదలైంది. డ్రైవర్ సాయబు దిగి చూశాడు. నీళ్ల పంపును ఇంజన్ దిమ్మకు పట్టి ఉంచే బోల్టు వదులైందట. పానా అక్కడ పెట్టి, "జర ఆగుండ్రి, బొగ్గులు ఎగదోసి వస్త. ఎవ్వరు చెయ్యి పెట్టకుండ్రి" అని వెనక్కి పోయాడు.

నాయిన, మామ కూడా దిగి అక్కడే నిలబడ్డారు. మా మామ ఆగే మనిషి కాదు. తాలింఖానాలో కుస్తీ పట్టిన ఒళ్లు. "గింత దానికి సాయబు ఎందుకే బావా" అంటూ పానా అందుకుని బలమంతా పెట్టి తిప్పాడు. టప్పుమన్నది. బోల్టు తల విరిగి ఊడొచ్చింది. మిగతా ముక్క దిమ్మ లోపలే ఉండిపోయింది.

కిటికీలోంచి నేను చూస్తున్నాను. మామ ఆ తలను గుప్పిట్లో దాచుకున్నాడు. పానా మా నాయిన చేతిలో పెట్టాడు. వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు.

సాయబు తిరిగొచ్చే సరికి పానా ఎవరి చేతిలో ఉంది? మా నాయిన చేతిలో!

"ఏమయ్యా, సెప్పిన గదా! ఇగ బండి ఖతం!" అని సాయబు అరిచాడు. బస్సులో వాళ్లంతా తలా ఒక మాట. నాయిన నోరు విప్పలేదు. పది మందిలో బామ్మర్దిని పట్టించే రకం కాదు.

రోజులు బాగాలేని కాలం అది. పొద్దు గూకితే ఆ రోడ్డు మీద మనిషన్నవాడు ఉండేవాడు కాదు. పొద్దేమో వాలుతోంది... చెల్లె పెదవులు నీలం తిరుగుతున్నాయి.

పట్టుకారుతో పట్టుకుందామంటే ముక్క కొస కూడా బయటికి లేదు. దిమ్మ వేడెక్కితే ముక్క పట్టు వదులుతుందన్నాడు సాయబు. పీపాలోంచి నిప్పు కణికలు తీశారు. బోల్టు చుట్టూ పట్టుకారుతో కణికలను ఆనించి పట్టుకునే పని నాయిన తీసుకున్నాడు. చెల్లె ఛాతీకి రాయడానికి తెచ్చిన ఆముదం చుక్కలు చుక్కలుగా ఆ సందులో పోశారు. తువ్వాల తడిపి చుట్టుకున్నా నాయిన చెయ్యి కాలుతూనే ఉంది. వదల్లేదు.

అంతలో అమ్మ చెల్లెను మామ ఒళ్లో పెట్టి, చెంబు పట్టుకుని దిగింది. "ముత్యాలమ్మకు సాక పోస్త... సల్లబడితె పిల్ల బతుకుతది" అంటూ ఆ మండే ఇంజన్ మీదే వంచబోయింది.

"అమ్మా! నీళ్లు పడ్డయంటే దిమ్మ పగులుతది!" సాయబు కేక.

నాయిన రెండో చేత్తో అమ్మ మణికట్టు పట్టి పక్కకు తిప్పాడు. ఆ సాక నీళ్లు చక్రం కింద మట్టిలో పడ్డాయి. "గాడనే పొయ్యి... తల్లికి ఎక్కడైన ముడుతది" అన్నాడు. ఆ పొద్దంతా ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే.

సాయబు సన్న ఉలి అంచుకు పెట్టి, ఎడమకు తిరిగేలా మెల్లగా కొట్టసాగాడు. టక్కు... టక్కు... గట్టిగా కొడితే ముక్క అక్కడే బిగుసుకుపోతుంది. సుత్తి ఆగినప్పుడల్లా అందరం లోపలి గర్రుగర్రు కోసం చెవులు రిక్కించేవాళ్లం. ఒకసారి అది వినిపించలేదు... అమ్మ బస్సు మెట్టు మీదికి ఉరికింది. మళ్లీ గర్రుమన్నది. మళ్లీ టక్కు.

"కదిలింది!" అన్నాడు సాయబు.

తర్వాత వేలితోనే తిప్పి ఆ ముక్క తీశాడు. మడ్‌గార్డు బోల్టు ఒకటి విప్పి అక్కడ బిగించాడు. దీపాలు పెట్టే వేళకు దవాఖానలో ఉన్నాం. చెల్లె బతికింది. పెద్దదయ్యాక మా మామ కొడుకునే చేసుకుంది. ఆ బావే ఇప్పుడు పందిట్లో నవ్వేది.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఇంటి ముందుకే అంబులెన్స్ వస్తుంది... మంచిదే. కానీ చేతులు కాలినా నోరు విప్పని మనుషులు ఏరి? మీ ఇళ్లల్లో ఎవరి తప్పైనా మోసి పోయినవాళ్లు ఉంటే కింద రాయండి. వాళ్ల పేర్లు నలుగురికీ తెలియాలి.

బావా, నీ మనవడు ఇది నీకు చదివి వినిపిస్తాడని నాకు తెలుసు. మీ నాయిన పోయిన నాడు ఆయన తంబాకు సంచి దులిపితే, సున్నం కాయతో పాటు ఒక ఇనుప ముక్క పడింది. నువ్వు గబుక్కున జేబులో వేసుకున్నావు. నేను చూశాను. అది ఏ బోల్టు తల? మా నాయిన విరగ్గొట్టినదైతే మీ నాయిన చచ్చేదాకా ఎందుకు దాచుకున్నాడు?

దసరా దాకా చూస్తాను. ఆ సాయంత్రం జమ్మి ఆకు నా చేతిలో పెట్టడానికి మా ఇంటికి వస్తావు గదా... ఒక చేతిలో జమ్మి, ఒక చేతిలో ఆ బోల్టు తల పట్టుకుని రా. బోల్టు ఎవరు విరగ్గొట్టారో చెల్లె ఎదురుగానే చెప్పాలి. ఉత్త జమ్మితో వస్తే గడప దగ్గరే నిలబెడతాను.