లడ్డూలు పెట్టి ఉద్యోగం తీసేసిన వైనం

ఒకరి ఉద్యోగం తీసేయబోయి, ఆ మనిషి చేతే శాలువా కప్పించుకొని, ఫొటోలో పళ్లన్నీ కనిపించేలా నవ్విన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. ఆ తర్వాత జరిగింది ఇంతకన్నా ఘోరం, కాబట్టి కాస్త స్థిమితంగా కూర్చోండి.

జనగామలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో మా ఆఫీసు. పన్నెండు మంది ఆడవాళ్లు, పన్నెండు కంప్యూటర్లు, హెచ్‌ఆర్ హోదాలో నేను. ఎక్కడో సముద్రాల అవతల పత్తి చేలలో తీసిన ఫొటోలు మాకొస్తాయి. ఏది పత్తి మొక్కో, ఏది గడ్డో గీత గీసి చూపితే, అక్కడి యంత్రం అది నేర్చుకొని గడ్డి మీద మాత్రమే మందు కొడుతుంది. జఫర్‌గఢ్ దగ్గరి పల్లె నుంచి వచ్చే సరోజనక్క ఇరవై ఏళ్లు నడుం వంచి కలుపు తీసిన మనిషి. "ఎండ లేదు, వాన లేదు, కుర్చీల కూసొని పరదేశపోళ్ల చేన్ల కలుపు తీస్తున్నం" అని మురిసిపోయేది. ఆ జీతం మీదే ఆమె కూతురి నర్సింగ్ చదువు నడిచేది.

మూడు నెలలకోసారి ఎవరెన్ని ఫొటోలు చేశారో జాబితా వేసి, అట్టడుగున ఉన్నవాళ్లను పంపించేయడం అక్కడి కంపెనీవాళ్ల పద్ధతి. మాది కురవి పక్కన పల్లెటూరు. హైదరాబాద్‌లో ఎంబీఏ చదివొచ్చానన్న పొగరు ఇంకా దిగలేదు, ఆ పద్ధతి నాకు వేదవాక్కులా తోచింది. అట్టడుగున సరోజనక్క పేరు వచ్చింది. ఎందుకొచ్చిందని అడిగానా? ఎందుకడుగుతాను, చదువుకున్నవాణ్ణి కదా!

సోమవారం నుంచి రానక్కరలేదని ఇంగ్లీషులో చక్కటి ఉత్తరం తయారుచేశాను. విషయం మెత్తగా చెప్పాలని పైవాళ్ల ఆదేశం. ఉత్త చేతులతో ఎట్లా చెప్పడమని ఒక డబ్బా లడ్డూలు కొన్నాను. తీరా ఎదురుగా నిలబడేసరికి, కవరూ డబ్బా ఆమె చేతిలో పెట్టి, ఫోనొచ్చినట్టు నటిస్తూ మెట్ల మీదికి పారిపోయాను.

తిరిగొచ్చి చూస్తే ఆఫీసంతా పండుగ. కవరు విప్పకముందే, లడ్డూలు చూసి అక్కకు ప్రమోషన్ వచ్చిందని పంచుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. కింది దుకాణం నుంచి ఎవరో శాలువా తెచ్చారు. సరోజనక్క దాన్ని తన భుజం మీద పడనివ్వలేదు, ఇంత మంచి సారు ఏడ దొరుకుతడని తెచ్చి నాకు కప్పింది. ఆదివారం ఇంట్లో దావత్ అని, తప్పకుండా రావాలని చెప్పింది. నేను తలూపాను. అప్పుడు తీసిందే ఆ ఫొటో.

ఎట్లాగైనా నిజం చెప్పేయాలని ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బగారన్నం, కోడికూర. ఈ ముద్ద మింగి చెబుదాం, ఈ ముక్క నమిలి చెబుదాం అనుకుంటూనే మూడుసార్లు వడ్డించుకున్నాను. చేతులు కడుక్కునే దగ్గర ఆమె నీళ్లు పోస్తుంటే అప్పుడు నోరు పెగిలింది.

"అక్కా, ఆ కాయితం..."

"ఎరుకే సారు. ఆనాడు బస్సుల కూసొనే దాని ఫొటో బిడ్డకు ఫోన్ల పంపిన. చదివి చెప్పింది."

"మరి ఈ దావత్ ఏందక్కా?"

"నిన్ను అప్పటికే రమ్మంటిని గద. పిలిచినంక వద్దంటరా? కడుపునిండ తింటెనన్న చెప్పే ధైర్యమొస్తదనుకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. అక్కడే చెంబు ముందు నిలబడి ఏడ్చాను. ఆమె కొంగుతో తన కళ్లు తుడుచుకొని మెల్లగా అంది, "ఫొటోలు తక్కువైనయంటే ఎట్ల సారు? పొద్దుందాక పిల్లలు అక్కా గిది గడ్డా, పత్తా అని పిలుస్తనే ఉంటరు. పోయి చూపియ్యకుంటె తప్పు గీస్తరు. నా సీట్ల నేను కూసున్నదెప్పుడు?"

రోజూ నా కళ్లముందే జరిగిన పని అది. నేను జాబితానే చూశాను, మనిషిని చూడలేదు.

ఆ సాయంత్రమే సముద్రం అవతలి అధికారికి ఉన్నదున్నట్టు రాశాను. ఆమె లేకపోతే మిగతా పదకొండు మంది గీతలూ తప్పుతాయని, తప్పు నాదేనని. చివర్లో కాస్త సరదాగా ఉంటుందని ఒక వాక్యం కలిపాను: "మీ లెక్కనే చూస్తే, ఇక్కడ ఒక్క ఫొటో కూడా చేయనివాడు ఒక్కడే ఉన్నాడు, అది నేను." రాసి నేనే పడీపడీ నవ్వుకున్నాను.

రెండు రోజులకు జవాబొచ్చింది. సరోజన గారిని కొనసాగించమన్నారు. నా నిజాయితీకి, లోతైన పరిశీలనకు ధన్యవాదాలన్నారు. శుక్రవారం నా చివరి రోజన్నారు.

ఇప్పుడు భూపాలపల్లిలో ఒక లారీల కంట్రాక్టరు దగ్గర హాజరు పట్టీ రాస్తున్నాను. మొన్న సరోజనక్క ఫోన్ చేసింది. కూతురి చదువు ఆఖరు ఏడాదిలో పడిందట. సంతోషం పట్టలేక, నా జాగాలో ఎవరొచ్చారక్కా అని ఆశగా అడిగాను.

"ఎవ్వరు రాలె సారు. పని కూడ ఏం ఆగలె."

అందుచేత నలుగురి ఎదుటా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు, నాతో ఒక్కపూటైనా కూర్చొని అన్నం తినని అధికారితో పరాచికాలాడను, ఆడను గాక ఆడను.