ఉప్పునీటి మీద వేసిన నింద

ఈ మాట ఏళ్ల తరబడి గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

భావనపాడు వెళ్లే దారిలో నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. చేపలమ్ముకునే ఒకావిడ తన భర్త ఫోను తెచ్చింది. పనిచేస్తూనే ఉంది, ఛార్జింగు నిలవడం లేదంతే. బ్యాటరీ మార్చమని ఇచ్చి బజారుకెళ్లింది.

ఈ బ్యాటరీలు లోపల జిగురుతో అతికించి ఉంటాయి. ముందు ఛార్జింగు దింపేయాలి. కొంచెం వెచ్చచేసి, అంచుల్లో స్పిరిటు చుక్కలు వేసి, జిగురు వదిలేదాకా ఆగి, ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా లేపాలి. ఇనుము తగలనివ్వకూడదు. అన్నీ తెలుసు. తెలిసీ స్క్రూడ్రైవరు దూర్చాను. ఎందుకు? తొందరేమీ లేదే! బద్ధకమా, పొగరా? ఇప్పటికీ తేల్చుకోలేను.

బుస్సుమని పొగొచ్చింది. ఇసక డబ్బాలో పడేసేసరికే లోపలంతా మాడిపోయింది.

ఆవిడ తిరిగొచ్చింది. ఉప్పునీరు దిగి కాలిపోయిందన్నాను. సముద్రం పక్క ఊళ్లలో ఎవరైనా నమ్మేస్తారు.

"నాను సెప్తనే ఉన్నాను బాబూ, పడవ మీదికి ఫోను అట్టుకెల్లొద్దని. ఇంటాడేటి నా మాట?" అంది.

ఛార్జరు గుచ్చే చోట తెల్లగా ఉప్పు పేరుకున్న మాట నిజమే. మరి నేనన్నది అబద్ధమా, సగం నిజమా? ఆ ఫోను ఎలాగూ పోయేదేనా? ఎటు తిప్పి ఆలోచించినా చివరికి నా చేతిలోని స్క్రూడ్రైవరు దగ్గరే ఆగిపోతాను.

తర్వాత కొత్త ఫోను కొన్నారు. ఆవిడ దాన్ని పడవెక్కనివ్వలేదు. ఆయన ఒంటరిగా వేటకెళ్లే మనిషి. ఒకనాడు ఒడ్డు కనిపించే దూరంలోనే ఇంజను ఆగిపోయింది. ఫోనుంటే ఒక్క మాటతో ఇంకో పడవ వెళ్లేది. అది లేక గాలికి కొట్టుకుపోయి, మర్నాడు ఎవరి కంటనో పడ్డాడు. బతికొచ్చాడు.

కొన్నాళ్లకి ఆవిడ కొట్టుకొచ్చి గుప్పెడు చేపలు నా చేతిలో పెట్టింది.

"నీ మాట ఇని ఇంటికాడ ఎట్టబట్టి కొత్త ఫోనైనా దక్కినాది బాబూ."

తీసుకున్నాను. వండించుకుని తిన్నాను కూడా.

ఆ ఫోను పాడుచేసింది ఉప్పునీరు కాదు, నేను. ఇది మీతో అన్నాక కాస్త ఊపిరాడుతోంది. ఆవిడతో మాత్రం ఇంకా అనలేదు. ఆయన ఈ రోజు కూడా ఫోను ఇంట్లో పెట్టే వేటకెళ్లాడు.